88వ ఆలయం తరువాత: షికోకు పాదయాత్ర ముగింపుపై ఒక పరిశీలన

జపాన్‌లోని షికోకు ద్వీపాన్ని చుట్టివచ్చే 88 ఆలయాల యాత్రను కాలినడకన చేసేవారికి సుమారు 1,200 కిలోమీటర్ల దారి, 40 నుండి 50 రోజుల కాలం పడుతుంది. ఆ యాత్ర ఎలా మొదలవుతుందో చెప్పడం సులభం. ఎక్కడ ముగుస్తుందో చెప్పడమే కష్టం. 88వ ఆలయంలో ముగుస్తుందని లెక్క చెబుతుంది. మొదటి ఆలయానికి తిరిగివచ్చి వలయాన్ని పూర్తిచేయాలని అనేకుల ఆచారం. సముద్రం దాటి కోయాసాన్ పర్వతానికి వెళ్ళి కృతజ్ఞత తెలిపిన తరువాతనే యాత్ర నిండుతుందని మరికొందరి నమ్మకం. వలయానికి ముగింపేమిటని అడిగేవారూ ఉన్నారు. ఈ అనిశ్చితి ఆచారంలోని లోపమా, లేక ఆచారం తెలిసే ఉంచుకున్న ఖాళీయా? యాత్ర చివరి వారంలో నడిచేవాని మనస్సులో జరిగేదాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా ఈ ప్రశ్నను విచారించవలసి ఉంటుంది.

ఈ యాత్రకు కేంద్రపురుషుడు కూకాయ్. క్రీ.శ. 774లో షికోకులోనే జన్మించి, 804లో చైనాకు వెళ్ళి, ఛాంగాన్ నగరంలో ఆచార్య హుయిగువో వద్ద మంత్రయాన దీక్ష పొంది, 806లో స్వదేశానికి తిరిగివచ్చి షింగోన్ సంప్రదాయాన్ని స్థాపించినవాడు. 835లో ఆయన దేహం చాలించినట్లు చరిత్ర నమోదు చేసింది. కాని కోయాసాన్‌లో ఆయన సమాధిస్థితిలో కూర్చుని ఉన్నాడనీ, మైత్రేయుని రాక వరకు అలాగే ఉంటాడనీ భక్తుల విశ్వాసం. 921లో చక్రవర్తి ఇచ్చిన ‘కోబో దాయిషి’ అనే బిరుదుతోనే యాత్రికులు ఆయనను తలచుకుంటారు. యాత్రికుని వస్త్రాలపైనా టోపీపైనా ‘ఇద్దరం కలిసి నడుస్తున్నాం’ అనే అర్థమిచ్చే మాట రాసి ఉంటుంది. ఒంటరిగా నడిచేవాడు ఒంటరివాడు కాడనీ, పక్కన కూకాయ్ నడుస్తున్నాడనీ దాని భావం.

యాత్రామార్గం నాలుగు ప్రాంతాల గుండా సాగుతుంది. తోకుషిమాలో 23 ఆలయాలు, కోచిలో 16, ఎహిమేలో 26, కగావాలో 23. మార్గం ఏర్పడిన తరువాత ఈ నాలుగింటికీ షింగోన్ సాధనాక్రమంలోని నాలుగు దశల పేర్లు అన్వయించారు: బోధిచిత్తోత్పాదం, సాధన, బోధి, నిర్వాణం. అంటే కగావాలో అడుగుపెట్టిన యాత్రికుడు నిర్వాణభూమిలో ప్రవేశించినట్లు లెక్క. ఆ ప్రవేశద్వారం 66వదైన ఉంపెంజి, మార్గంలోని ఆలయాలన్నిటిలోకి ఎత్తైనది. 900 మీటర్లకు పైగా కొండ ఎక్కి చేరాలి. విచిత్రమేమంటే పరిపాలనా సరిహద్దుల ప్రకారం ఆ ఆలయం తోకుషిమా పరిధిలోనే ఉంది. నిర్వాణానికి ద్వారం బోధిచిత్తపు నేల మీద నిలిచి ఉండటం ఎవరూ ఉద్దేశించి చేసినది కాకపోవచ్చు. అయినా మహాయాన విద్యార్థికి అది అసంగతంగా తోచదు.

పేర్లను బట్టి చివరి ప్రాంతం ప్రశాంతంగా ఉంటుందని ఎవరైనా భావిస్తారు. నడిచేవారి అనుభవం అందుకు భిన్నం. కారణం కొంతవరకు భూగోళానికి సంబంధించినది. సాధనాభూమి అయిన కోచిలో ఆలయాలు తక్కువ, దారి దీర్ఘం. 37వ ఆలయం నుండి 38వ ఆలయానికి 80 కిలోమీటర్లకు పైగా సముద్రతీరం వెంట నడవాలి. మూడు రోజులు నడిచినా అంకె మారదు. అక్కడ యాత్రికునికి లెక్క మరపునకు వస్తుంది. మిగిలేవి పాదం, గాలి, అల, ఆ రాత్రికి తల దాచుకునే చోటు. కగావాలో పరిస్థితి తారుమారు. 68వ, 69వ ఆలయాలు ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. 71 నుండి 77 వరకు ఏడు ఆలయాలను ఒక్క రోజులో దర్శించే ప్రత్యేక ఆచారమే ఉంది. ఉదయం 71 అన్నవాడు సాయంత్రానికి 77 అంటాడు. కూకాయ్ జన్మస్థలమైన జెన్త్సూజి, 75వ ఆలయం, ఈ వరుసలోనే వచ్చి వెళ్ళిపోతుంది. అంతవరకు మరచిన లెక్క ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. ఇన్ని అయ్యాయన్న మాట పోయి, ఇన్నే మిగిలాయన్న మాట వస్తుంది. నిర్వాణమని పేరు పెట్టిన నేల మీద యాత్రికునిలో తృష్ణ మళ్ళీ తలెత్తుతుంది.

ఈ తృష్ణ రెండు విధాలు. మొదటిది త్వరగా ముగించాలనే తొందర. దానిని గుర్తించడం తేలిక. రెండవది ముగియకూడదనే కోరిక. ఇది సూక్ష్మమైనది, పైగా ధర్మరూపం ధరించి వస్తుంది. ఉదయం లేవగానే చేయవలసిన పని స్పష్టంగా ఉండటం, మోయవలసిన వస్తువులు వీపు మీదికి సరిపోవడం, దారిలో అపరిచితులు యాత్రికునికి ఇచ్చే దానం – పండు, తేనీరు, ఒక్కొక్కసారి నాణేలు – ఇవన్నీ గృహస్థునికి ఇంట్లో దొరకని జీవితం. ఈ యాత్రపై దీర్ఘకాలం పరిశోధించి 2005లో గ్రంథం ప్రకటించిన ఇయాన్ రీడర్ దానిని విడువలేకపోవడాన్ని చర్చించాడు. మళ్ళీ మళ్ళీ ఈ దారికే వచ్చేవారి స్థితికి అక్కడ ‘షికోకు జబ్బు’ అనే పేరుంది. జబ్బు అన్న మాటను వారు నవ్వుతూనే వాడుతారు; కాని పేరు మాత్రం సరిగ్గానే పెట్టారు.

మజ్ఝిమనికాయంలోని అలగద్దూపమ సుత్తంలో తెప్ప ఉపమానం భిక్షువులకు సుపరిచితం. ఏరు దాటించిన తెప్ప ఎంత ఉపకారం చేసినదైనా దానిని నెత్తిన పెట్టుకుని నడిచేవాడు వివేకి కాడని తథాగతుడు అక్కడ బోధించాడు. షికోకు యాత్ర ఆ ఉపమానాన్ని చేతిలో పట్టుకోదగిన వస్తువుగా మార్చింది. ఆ వస్తువు చేతికర్ర.

ఈ కర్ర సామాన్యమైన ఊతకర్ర కాదు. దాని పైభాగాన్ని ఐదు అంతస్తులుగా చెక్కుతారు. పృథివి, జలం, అగ్ని, వాయువు, ఆకాశం అనే పంచభూతాలకు ప్రతీకగా జపాన్ శ్మశానాలలో నిలిపే ఐదంతస్తుల స్తూపానికి అది సూక్ష్మరూపం. ఆ అంతస్తులపై సిద్ధం లిపిలో అ, వ, ర, హ, ఖ అనే ఐదు సంస్కృత బీజాక్షరాలు ఉంటాయి. కర్ర పట్టుకున్నవారిలో చాలామందికి ఆ లిపి చదవడం రాదు. అక్షరాలు మాత్రం మన వర్ణమాలలోనివే. ఆ భాగాన్ని గుడ్డతో కప్పి ఉంచుతారు. పూర్వం యాత్రికుడు దారిలో మరణిస్తే అక్కడే పాతిపెట్టి, ఆ కర్రనే సమాధిపై నిలిపేవారు. ధరించిన తెల్లని వస్త్రం ప్రేతవస్త్రంగా ఉపయోగపడేది. యాత్రికుడు తన స్తూపాన్ని తానే చేతపట్టుకుని నడుస్తాడన్నమాట.

ఆ కర్రే కూకాయ్ అని కూడా భావన. అందువల్ల బస చేరగానే యాత్రికుడు తన కాళ్ళకంటె ముందు కర్ర అడుగుభాగాన్ని కడుగుతాడు. వంతెనల మీద కర్రను నేలకు తాటించడు. ఆశ్రయం దొరకని ఒక రాత్రి కూకాయ్ వంతెన కింద పడుకున్నాడనే కథ అందుకు కారణం. ఇన్ని వారాలు నడిచేసరికి కర్ర కింది కొస అరిగి పొట్టిదవుతుంది. అరిగిన అంగుళాలే అతడు నడిచిన దూరానికి సాక్ష్యం.

88వ ఆలయమైన ఓకుబోజిలో ఈ కర్రలను సమర్పించడానికి ఒక ప్రత్యేక మందిరం ఉంది. అలా చేరిన కర్రలను తరువాత విధిపూర్వకంగా హోమాగ్నికి అర్పిస్తారు. తెప్పను ఒడ్డున విడిచిపెట్టడమంటే ఇదేనని ఎవరైనా అనవచ్చు. అయితే సమర్పించడం నియమం కాదు. అనేకులు కర్రను ఇంటికి తీసుకుపోతారు. వారిని తెప్ప మోసేవారని నిందించడం తొందరపాటే. థేరవాద దృష్టిలో తెప్ప ఉపకరణం; షింగోన్ భక్తుని దృష్టిలో కర్ర ఉపకరణం కాదు, సహయాత్రికుడు. దారి ముగిసిందని సహయాత్రికుణ్ణి అగ్నికి అప్పగించి రావడం ఎలా? ఈ రెండు దృష్టుల మధ్య తీర్పు చెప్పే బాధ్యతను ఆలయం తనపై వేసుకోలేదు. మందిరాన్ని తెరిచి ఉంచింది, ఎవరినీ అడగలేదు. ఆచారంలోని వివేకం ఇక్కడే ఉన్నట్లు తోస్తుంది.

ముగింపునకు జపానీయులు వాడే పదం ‘కెచిగన్’. రెండు అక్షరాల ఈ పదంలో మొదటిదానికి ముడివేయడమనీ, రెండవదానికి సంకల్పం, మొక్కు అనీ అర్థం. తెలుగునాట మొక్కుకున్నప్పుడు ముడుపు కడతారు. మొక్కు తీర్చుకున్నప్పుడు ముడుపు విప్పి సమర్పిస్తారు. ముడి మొదట ఉంటుంది, విడుపు చివర. జపనీయ పదంలో ముడి చివర పడుతుంది. విడివిడిగా గడిచిన రోజులను ఒకచోటికి తెచ్చి కట్టడమే అక్కడ పూర్తి. ఆ పదంలో ‘అయిపోయింది’ అన్న భావం ప్రధానం కాదు. కట్టినదాన్ని తీసుకుని ఇంకా ఎక్కడికో వెళ్ళవలసి ఉందన్న స్ఫురణ దానిలోనే ఉంది.

87వదైన నగావోజి నుండి ఓకుబోజికి సుమారు 15 కిలోమీటర్లు. నడిచేవారిలో చాలామంది న్యోతాయ్ అనే కొండ మీదుగా వెళ్ళే దారిని ఎంచుకుంటారు. శిఖరం దగ్గర చేతులు కూడా ఉపయోగించి బండలెక్కవలసిన చోట్లున్నాయి. ఎక్కిన తరువాత దారి దిగువకు సాగి ఆలయాన్ని వెనుకవైపు నుండి చేరుతుంది. అంటే చివరి అడుగులు ఎక్కే అడుగులు కావు, దిగే అడుగులు. చేరిన చోట మహాద్భుతమేమీ లేదు. కొండ ఒడిలో భైషజ్యగురు బుద్ధుని ఆలయం. ద్వారం ఎదుట వేడి నూడుల్స్ వడ్డించే భోజనశాలలు. బస్సులలో వచ్చిన యాత్రికుల సందడి. అన్ని ఆలయాలలో చేసినట్లే ఇక్కడా ప్రధానమందిరం ముందు ఒకసారి, దాయిషి మందిరం ముందు ఒకసారి ప్రజ్ఞాపారమితా హృదయసూత్రం పఠిస్తారు. ఈ లెక్కన మొత్తం యాత్రలో 176 పఠనాలు. ప్రాప్తి అనేదే లేదని చెప్పే సూత్రాన్ని 176 సార్లు పఠించి, చివరికి పూర్తిచేసినట్లు ధ్రువపత్రం పుచ్చుకోవడంలోని వైరుధ్యం గమనించదగినది. ధ్రువపత్రం కోరేవారిని తప్పుపట్టనవసరం లేదు. అయితే అది ముగింపునకు ఒక తేదీ, ఒక స్థలం నిర్ణయిస్తుంది. ఆచారం మాత్రం ఆ నిర్ణయాన్ని తప్పించుకుంటూనే వచ్చింది.

ముగింపు స్థలం సామాన్యంగా ఉండటం బౌద్ధులకు కొత్త కాదు. మహాపరినిబ్బాన సుత్తంలో తథాగతుని అంతిమయాత్ర కుసినారా చేరినప్పుడు ఆనందుడు బాధపడ్డాడు. చంప, రాజగృహం, శ్రావస్తి వంటి మహానగరాలుండగా ఈ మట్టిగోడల చిన్న ఊరిలో పరినిర్వాణమేమిటని అతని ప్రశ్న. ఆ యాత్రలో శాస్తకు 80 ఏళ్ళు. వైశాలి విడిచేటప్పుడు ఆయన ఏనుగువలె దేహమంతా తిప్పి నగరాన్ని చివరిసారి చూశాడని పాళీ గ్రంథం చెబుతుంది. పావా నుండి కుసినారాకు నడుస్తూ అలసి, చీవరాన్ని మడిచి పరచమన్నాడు, దాహమన్నాడు. యాత్ర చివరి రోజులను గురించి ఇంత నిర్మొహమాటంగా చెప్పిన ప్రాచీన గ్రంథాలు తక్కువ. వెనుదిరిగి చూడటం ఆసక్తి కాదనీ, అలసట అపజయం కాదనీ ఆ గ్రంథమే అంగీకరించినప్పుడు, కగావా దారిలో కాళ్ళు బరువెక్కిన యాత్రికుణ్ణి వేరే కొలతతో కొలవవలసిన పనిలేదు.

ఆ సుత్తం రాజగృహంలోని గృధ్రకూటం మీద మొదలవుతుంది. షికోకులో మొదటి ఆలయం పేరు ర్యోజెంజి. ఆ పేరుకు మూలం గృధ్రకూటమే. ఓకుబోజి నుండి అక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు. వలయాన్ని పూర్తిచేయదలచినవారు నిర్వాణభూమి చివరి ఆలయం నుండి గృధ్రకూటానికి తిరిగి నడుస్తారు. సుత్తంలోని యాత్ర గృధ్రకూటం నుండి పరినిర్వాణానికి సాగగా ఇక్కడ దిశ తిరగబడింది. ఆలయాలకు ఈ సంఖ్యలు స్థిరపడినది షిన్నెన్ అనే సాధువు 1687లో వెలువరించిన మార్గదర్శిక నాటికి. ఎక్కడ నుండి మొదలుపెట్టినా దోషం లేదు కనుక ఈ సామ్యాన్ని సిద్ధాంతంగా నిలబెట్టరాదు. నడిచినవానికి మాత్రం ఇది సిద్ధాంతం కానక్కరలేదు. మొదటి రోజు భయభయంగా దాటిన ద్వారాన్ని అతడు మళ్ళీ చూస్తాడు. లోపల కొత్త తెల్లవస్త్రాలు కొనుక్కుంటూ, కర్ర పొడవు సరిచూసుకుంటూ మరెవరో నిలబడి ఉంటారు.

వలయానికి లొంగిపోయినవారిలో ప్రసిద్ధుడు నకత్సుకాసా మోహే. 1845లో జన్మించి, ఇరవయ్యేళ్ళు దాటగానే ఇల్లు విడిచి, 1922లో మరణించేవరకు ఈ దారిలోనే నడిచాడు. ఆయన చేసిన ప్రదక్షిణలు 280. దారి పొడవునా ఆయన నిలిపిన మార్గశిలలు 200కు పైగా లభ్యమయ్యాయి. దారి చూపే చేయి, తాను ఎన్నవ ప్రదక్షిణలో ఆ రాయి నిలిపాడో తెలిపే సంఖ్య వాటిపై చెక్కి ఉంటాయి. వారసత్వ పరిశోధకులకు ఈ శిలలు అమూల్యమైన ఆధారాలు. ఆయనది జబ్బో సాధనో చెప్పడం కష్టం. తన నడకను ఇతరుల నడకకు ఆసరాగా మార్చినందువల్ల, తెప్పను మోసినవాడనడం కంటె రేవులో తెప్ప నడిపినవాడనడమే న్యాయం.

మోహేకు ముగింపు అక్కరలేకపోయింది. ముగింపు నిషిద్ధమైనవారు వేరే ఉన్నారు. కుష్ఠువ్యాధితో ఇల్లు విడిచినవారు, నయంకాని రోగులు, గ్రామం వెలివేసినవారు షికోకు దారిలో దానం మీద బ్రతుకుతూ మరణించేవరకు నడిచేవారు. యాత్రాపత్రంలోనే, దారిలో మరణిస్తే అక్కడి ఆచారం ప్రకారం పాతిపెట్టవచ్చు, స్వగ్రామానికి కబురు అక్కరలేదు అని రాయించుకుని వచ్చినవారున్నారు. దారి పక్కన నాచుపట్టిన చిన్న సమాధిరాళ్ళు వారివే. 1907లో జపాన్ ప్రభుత్వం ఇల్లూ ఆధారమూ లేక తిరిగే కుష్ఠురోగులను ఆశ్రమాలలో ఉంచే చట్టం చేసింది. 1909లో తకామత్సు తీరానికి ఎదురుగా ఉన్న ఓషిమా ద్వీపంలో అటువంటి ఆశ్రమం ఏర్పడింది. దారిపై నడిచేవారిని దారి నుండి తొలగించారు. ఆ చిన్న ద్వీపంలో రోగుల కోసం 88 బుద్ధప్రతిమలతో ఒక చిన్న యాత్రామార్గం వెలసింది. నిర్బంధ చట్టం రద్దయినది 1996లో.

84వ, 85వ ఆలయాలు ఆ తీరంలోనే ఉన్నాయి. ఇంకా నాలుగే మిగిలాయని లెక్కపెట్టుకుంటూ అక్కడికి చేరే యాత్రికునికి ఎదుటి సముద్రంలో ఆ ద్వీపం ఉంది. ముగించగలగడం కూడా ఒక భాగ్యమేనన్న సంగతి ఈ మార్గచరిత్రలో భాగంగా చెప్పకుండా, ఆలయాల శిల్పసౌందర్యం మాత్రమే చెప్పే పరిచయపత్రాలు అసంపూర్ణమైనవి.

ఈ విషయం వారసత్వ పరిరక్షణకు నేరుగా సంబంధించినది. షికోకు యాత్రామార్గాన్ని 2015లో జపాన్ జాతీయస్థాయిలో వారసత్వ కథనాల జాబితాలో చేర్చారు. కోయాసాన్, అక్కడికి చేర్చే శిలామార్గం 2004లోనే ప్రపంచ వారసత్వ హోదా పొందాయి. ఆలయాన్ని రక్షించడం మనకు తెలుసు. ఆలయానికీ ఆలయానికీ మధ్యనున్న 80 కిలోమీటర్లను రక్షించడం ఎలాగో తెలియదు. షికోకులో అధికభాగం దారి ఇప్పుడు తారురోడ్డు. యాత్రికులలో అధికులు వాహనాలలో వచ్చేవారు. అయినా ఒక సమాధిరాయి, ఒక మార్గశిల, ఒక ఇంటి అరుగు మీద తేనీరు ఇచ్చే ఆచారం, కర్ర సమర్పించాలా వద్దా అన్న సందిగ్ధం ఆ మధ్యదూరంలోనే జీవిస్తున్నాయి. రాజగిరి నుండి కుశీనగరం వరకు ఉన్న మన దారికి ఇటువంటి గ్రామీణ ఆతిథ్యవ్యవస్థ నిలవలేదు. స్తూపాలున్నాయి, వాటి మధ్య రైలుమార్గాలున్నాయి.

కృతజ్ఞతాయాత్రకు కోయాసాన్ చేరే యాత్రికుడు కావాలనుకుంటే కొండ కింద జిసోన్-ఇన్ నుండి నడిచి ఎక్కవచ్చు. ప్రధానప్రాంగణం వరకు 180 శిలాస్తంభాలు, అక్కడి నుండి ఓకునోయిన్ సమాధి వరకు మరికొన్ని. చేతికర్ర పైభాగంలోని ఆ ఐదంతస్తుల రూపమే వీటిదీ. ఇక్కడ పూజించే గురుపరంపరలో కూకాయ్‌కి ముందు హుయిగువో, ఆయనకు ముందు అమోఘవజ్రుడు, వజ్రబోధి, నాగబోధి, ఆపైన నాగార్జునుడు. దక్షిణ భారతంలోని ఒక ఇనుప గోపురాన్ని తెరిచి నాగార్జునుడు వజ్రసత్త్వుని నుండి మంత్రశాస్త్రాన్ని అందుకున్నాడని ఈ సంప్రదాయపు కథ. ఆ గోపురం ధాన్యకటక మహాచైత్యమే కావచ్చునని కొందరు ఆధునిక పండితులు ఊహించారు; అది హృదయంలోని గోపురమేనని సంప్రదాయంలోనే మరొక వ్యాఖ్యానం ఉంది. అమరావతి నేల మీద ఆధారం కోసం వెదకడానికి ఈ కథ చాలదు. అయితే షికోకు చుట్టివచ్చి ఓకునోయిన్ ఎదుట మోకరిల్లే యాత్రికుడు తన పరంపరకు మూలం ఎక్కడో కృష్ణాతీరంలో ఉందన్న మాట విని ఉండటం అసంభవం కాదు.

యాత్రికుల ముద్రల పుస్తకంలో ఓకునోయిన్ ముద్రకు సాధారణంగా మొదటి పుటనే కేటాయిస్తారు. 88 పుటలు నిండుతున్నంతకాలం ఆ పుట ఖాళీగా ఉంటుంది. వంతెన దాటి దీపమందిరం వెనుకకు వెళితే సమాధి ఉంటుంది. ఇంతకాలం పక్కన నడిచాడని నమ్మినవాడే ఇక్కడ కూర్చుని ఎదురుచూస్తున్నాడనీ నమ్మాలి. యాత్రికులకు ఈ రెండింటిలో వైరుధ్యం తోచదు. ప్రతిరోజూ ఉదయం 6 గంటలకు ఒకసారి, 10:30 గంటలకు మరొకసారి భిక్షువులు చెక్కపెట్టెలో ఆయనకు భోజనం మోసుకువెళతారు. కర్ర ఇంకా చేతిలో ఉన్న యాత్రికులు దారి పక్కకు ఒదిగి, అది దాటిపోయేవరకు తలవంచి నిలబడతారు.